రోజూ ఎక్కువగా తిరిగే కారును ఎలా చూసుకోవాలి

నెలకు రెండు మూడు వేల కిలోమీటర్లు తిరిగే కారు మీ దగ్గర ఉంటే, "ఇంతలా తిప్పితే బండి త్వరగా పాడైపోతుంది" అన్న మాట ఎన్నోసార్లు వినే ఉంటారు. అందులో సగమే నిజం. ఇంజిన్‌ను అరగదీసేది కిలోమీటర్ల సంఖ్య ఒక్కటే కాదు, ఆ కిలోమీటర్లు ఎలా తిరిగారన్నది కూడా. హైవే మీద ఒకే వేగంతో సాగే లక్ష కిలోమీటర్ల కంటే, ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ తిరిగే యాభై వేలు బండిని ఎక్కువ నలిపేస్తాయి. కాబట్టి పక్కింటివాళ్లు ఎప్పుడు సర్వీసింగ్ చేయిస్తే మనమూ అప్పుడే చేయిద్దామనుకోవద్దు. మీ వాడకానికి మీరే ఒక లెక్క వేసుకోండి. ఆ లెక్క ఎలా వేయాలో, దాన్నిబట్టి ఏం చూసుకోవాలో కింద ఒక్కొక్కటిగా చెప్తాను.

1. మీ కిలోమీటర్లు ఎలాంటివో తేల్చుకోండి

డ్యాష్‌బోర్డులో ట్రిప్ మీటరు ఉంటుంది కదా, దాన్ని సున్నా చేసి రెండు వారాలు అలాగే వదిలేయండి. ఆ తర్వాత సగటు వేగం ఎంత చూపిస్తోందో చూడండి. మీ కారులో సగటు వేగం కనిపించకపోతే, రోజూ ఎంతసేపు ఇంజిన్ ఆన్‌లో ఉందో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాసుకుని భాగిస్తే సరిపోతుంది.

ఆ అంకె ఎందుకంటే, 10,000 కిలోమీటర్లు గంటకు 70 సగటుతో తిరిగితే ఇంజిన్ నడిచేది సుమారు 143 గంటలు. అదే 10,000 కిలోమీటర్లు గంటకు 20 సగటుతో తిరిగితే 500 గంటలు. మీటరు మీద రెండూ ఒకటే, ఇంజిన్ ఆయిల్‌కు మాత్రం రెండోది మూడున్నర రెట్లు ఎక్కువ పని. సిగ్నల్ దగ్గర ఆగినా ఆయిల్ పంపు తిరుగుతూనే ఉంటుంది, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, ఏసీ కంప్రెసర్ ఇంజిన్ మీద బరువు వేస్తూనే ఉంటుంది. మీటరు ఒక్కటే కదలదు.

సగటు 45 దాటితే మీది హైవే వాడకమే. 25 కంటే తక్కువ ఉంటే, మీరెంత నెమ్మదిగా జాగ్రత్తగా నడిపినా సరే, బండికి అది కఠినమైన వాడకమే. మధ్యలో ఉన్నవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి: రోజుకు ఎన్నిసార్లు చల్లటి ఇంజిన్‌తో స్టార్ట్ చేస్తున్నారు? ఇరవై కిలోమీటర్లు ఒకేసారి వెళ్లడం వేరు. ఐదు కిలోమీటర్ల చొప్పున నాలుగుసార్లు, మధ్యలో ఇంజిన్ చల్లారేంత గ్యాప్ ఇచ్చి వెళ్లడం వేరు. స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లో ఆయిల్ చిక్కగా ఉంటుంది, ఇంజిన్‌లోకి ఇంధనం మామూలు కంటే ఎక్కువ వెళ్తుంది. మండని పెట్రోలు కొంత సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది. ఇంజిన్ లోపల చేరిన తేమ కూడా ఆయిల్‌లోనే కలుస్తుంది. ఆయిల్ బాగా వేడెక్కితే ఈ రెండూ ఆవిరైపోతాయి. డ్యాష్‌బోర్డులో సూది మధ్యకు రాగానే ఇంజిన్ వేడెక్కిందనుకుంటాం కానీ ఆ సూది చూపించేది కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి. ఆయిల్ ఆ వేడికి చేరడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. ఐదు కిలోమీటర్ల ప్రయాణంలో అది చేరే లోపే బండి ఆపేస్తాం.

2. సర్వీసు గడువును మీకు తగ్గట్టు మార్చుకోండి

కారుతో వచ్చిన మాన్యువల్ తీయండి. చాలామంది ఆ పుస్తకాన్ని గ్లవ్‌బాక్సులోంచి బయటకు తీయను కూడా తీయరు. సర్వీసు పట్టిక పక్కనో కిందనో "కఠిన పరిస్థితులు" అనే అర్థం వచ్చే ఒక భాగం ఉంటుంది. దుమ్ము రోడ్లు, చిన్న చిన్న ప్రయాణాలు, ఎక్కువసేపు ఐడ్లింగ్ (బండి కదలకుండా ఇంజిన్ నడుస్తూ ఉండటం), ఆగుతూ సాగే ట్రాఫిక్, ట్యాక్సీ వాడకం, బరువులు లాగడం లాంటివి అందులో రాసి ఉంటాయి. వాటిలో ఒక్కటి మీకు వర్తించినా మామూలు గడువు మీది కాదు, ఆ భాగంలో ఇచ్చిన గడువే మీది. కొన్ని కంపెనీలు అక్కడ ఆయిల్ గడువును సగానికి తగ్గిస్తాయి. మీరు దీని గురించి అడగకపోతే సర్వీసు అడ్వైజర్ మామూలు గడువే చెప్పి పంపేస్తాడు. మీ వాడకం ఎలాంటిదో అతనికి తెలియదు కదా.

హైవే వాడకం ఉన్నవాళ్లకు ఇబ్బంది ఇంకో రకంగా వస్తుంది. "10,000 కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం, ఏది ముందు వస్తే అది" అని రాసి ఉంటే, చాలామందికి సంవత్సరం అన్నదే గుర్తుంటుంది. నెలకు 3,000 తిరిగేవాళ్లకు ఆ పదివేలు నాలుగో నెల సగానికి రాకముందే అయిపోతాయి. ఏడాదికి ఒక్కసారి చేయిస్తే ఒకే ఆయిల్ మీద 36,000 కిలోమీటర్లు నడిపినట్టు. అంత తిప్పిన ఆయిల్ బురదలా మారి, దాని సన్నటి దారులన్నీ మూసుకుపోయి, మొదట టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం), తర్వాత బేరింగులు పోతాయి. ఆ రిపేరు ఖర్చు ముందు అన్ని ఆయిల్ మార్పిడుల ఖర్చూ ఏ మూలకూ రాదు.

అలాగని ఎక్కువ తిరుగుతున్నామని అన్నీ ముందే మార్చేయక్కర్లేదు. కాలం మీద పాడయ్యేవి వేరే ఉన్నాయి. బ్రేక్ ఆయిల్, కూలెంట్, వైపర్ రబ్బర్లు మీరు ఎంత తిరిగినా దాదాపు తమ కాలానికే మార్పుకు వస్తాయి. హైవే వాడకం ఉండి మంచి సింథటిక్ ఆయిల్ పోయిస్తున్నవాళ్లు ఐదు వేలకోసారి ఆయిల్ మార్పించడం డబ్బు దండగ.

3. ఆయిల్‌ను మీ కళ్లతో మీరే చూడండి

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ దీని మీదే పెట్టమంటాను. రోజూ తిరిగే ఇంజిన్ కొంత ఆయిల్ తాగుతుంది. ముఖ్యంగా చిన్న టర్బో ఇంజిన్లు, లక్ష దాటిన ఇంజిన్లు. తక్కువ తిరిగే బండిలో ఆ లోటు సర్వీసింగ్ దాకా బయటపడకపోయినా పర్వాలేదు. మీ బండిలో రెండు సర్వీసుల మధ్యే లెవెల్ కనిష్ఠ గీత కిందకు దిగొచ్చు. ఎర్ర ఆయిల్ దీపం ముందే హెచ్చరిస్తుందని ధీమాగా ఉండొద్దు. అది వెలిగేది ఆయిల్ తగ్గినప్పుడు కాదు, ప్రెషర్ పడిపోయినప్పుడు. అప్పటికే ఆలస్యమైపోయి ఉండొచ్చు.

పదిహేను వందల కిలోమీటర్లకోసారి ఇలా చూడండి. బండిని సమతలంగా ఉన్నచోట ఆపి, ఇంజిన్ ఆపేసిన తర్వాత ఐదు పది నిమిషాలు ఆగండి. పైకి వెళ్లిన ఆయిల్ కిందికి దిగాలి. పీచు రాలని గుడ్డ చేతిలో పట్టుకుని డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) లాగండి. మొదటిసారి లాగినప్పుడు కనిపించేదాన్ని నమ్మొద్దు, గొట్టం గోడలకు అంటుకున్న ఆయిల్ కూడా అందులో ఉంటుంది. శుభ్రంగా తుడిచి, మళ్లీ చివరిదాకా దింపి, లాగి, పుల్లను అడ్డంగా పట్టుకుని వెలుతురులో రెండు వైపులా చూడండి. రెండు వైపులా తడి వేరువేరు ఎత్తుల్లో ఉంటే తక్కువ చూపించేదే లెక్క. తడి రెండు గీతల మధ్య ఉండాలి, పై గీతకు దగ్గరగా ఉంటే ఇంకా మంచిది. చాలా కార్లలో ఆ రెండు గీతల మధ్య తేడా దాదాపు ఒక లీటరు. సగానికి దిగితే అర లీటరు పోయండి, మళ్లీ చూడండి. పై గీత దాటిందాకా పోయొద్దు. ఎక్కువైన ఆయిల్‌ను క్రాంక్‌షాఫ్ట్ చిలికి నురగ చేస్తుంది, నురగ పట్టిన ఆయిల్ సరిగా కందెన పని చేయదు.

పుల్లకు అంటిన ఆయిల్‌ను రెండు వేళ్ల మధ్య రుద్ది, వాసన చూడండి. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ పోసిన కొద్దిరోజులకే నల్లబడుతుంది, దానికి కంగారు అక్కర్లేదు. పెట్రోలు లేదా డీజిల్ వాసన గట్టిగా వస్తూ, లెవెల్ తగ్గడానికి బదులు పెరుగుతూ ఉంటే మాత్రం ఇంధనం ఆయిల్‌లో కలుస్తోందన్నమాట. ఆయిల్ పాలకాఫీ రంగులోకి మారి, కూలెంట్ కూడా తగ్గుతూ ఉంటే నీళ్లు కలుస్తున్నాయి. అది హెడ్ గ్యాస్కెట్ పోయిన లక్షణం కావచ్చు, ఇక బండి నడపకుండా మెకానిక్‌ను పిలిపించండి. చలికాలంలో చిన్న దూరాలు తిరిగే బండ్లలో ఆయిల్ మూత అడుగున కొంచెం లేత నురగలాంటిది కనిపిస్తుంది. కూలెంట్ తగ్గకుండా, పుల్ల మీద ఆయిల్ మామూలుగానే ఉంటే అది తేమే. వారానికోసారి బండిని అరగంట హైవే మీద తిప్పితే పోతుంది.

గ్రేడు, అంటే ఆయిల్ చిక్కదనం విషయంలో ఎవరి సలహా వినొద్దు. మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 అని ఉంటే అదే, 5డబ్ల్యూ-30 అని ఉంటే అదే. "ఎక్కువ తిరుగుతుంది కాబట్టి చిక్కటి ఆయిల్ పోద్దాం" అని కొందరు అంటారు. సన్నటి ఆయిల్‌కు తగ్గట్టు కట్టిన ఇంజిన్‌లో చిక్కటిది పోస్తే, చల్లగా ఉన్నప్పుడు అది పైదాకా చేరడానికే ఆలస్యమవుతుంది. డీజిల్ కారుకు పొగ గొట్టంలో మసిని పట్టే పార్టిక్యులేట్ ఫిల్టరు ఉంటే, దానికి సరిపడే, కాలినా తక్కువ బూడిద మిగిల్చే ఆయిలే వాడాలి. అదే గ్రేడు ఆయిల్ ఒక లీటరు డబ్బా ఎప్పుడూ డిక్కీలో ఉంచుకోండి.

4. టైర్ల మీద అరచేయి పెట్టి చూడండి

టైరు గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలి, అంటే బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక. కొంతదూరం తిరిగాక లోపలి గాలి వేడెక్కి ప్రెషర్ పెరుగుతుంది. అప్పుడు చూసి ఎక్కువ ఉందని గాలి తీయించేస్తే, మర్నాడు పొద్దున టైరు తక్కువ గాలితో ఉంటుంది. ఎంత గాలి కావాలన్నది డ్రైవర్ తలుపు తీస్తే పక్కన స్టిక్కరు మీద ఉంటుంది. టైరు పక్కన అచ్చొత్తి ఉండేది గరిష్ఠ ప్రెషర్, దాన్ని చూసి కొట్టించొద్దు. వాతావరణం 10 డిగ్రీల సెల్సియస్ చల్లబడితే ప్రెషర్ దాదాపు 2 పీఎస్‌ఐ తగ్గుతుంది. అందుకే చలికాలం మొదలయ్యేటప్పుడు ఒకసారి తప్పకుండా చూసుకోవాలి. ఇంట్లో ఒక చిన్న గేజ్ పెట్టుకుంటే ఈ గొడవంతా తప్పుతుంది.

నెలకోసారి టైరు గాట్ల మీద అరచేతిని లోపలి అంచు నుంచి బయటి అంచుకు ఒకసారి, మళ్లీ వెనక్కి ఒకసారి నిమరండి. ఒకవైపు నున్నగా జారి, రెండోవైపు రంపం పళ్లలా గుచ్చుకుంటే అలైన్‌మెంట్ పోయింది, ముఖ్యంగా టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం). కంటికి కనిపించని ఈ తేడా చేతికి ముందే తెలుస్తుంది. అప్పుడే అలైన్‌మెంట్ చేయిస్తే ఆ టైరు పూర్తి కాలం వస్తుంది. ఇంకో పదివేలు తిరిగాక చూస్తే లోపలి అంచు బట్ట తేలి ఉంటుంది. రెండు అంచులూ అరిగి మధ్య భాగం ఎత్తుగా ఉంటే గాలి తక్కువతో నడిపారు. మధ్య అరిగి అంచులు బాగుంటే గాలి ఎక్కువ. అక్కడక్కడ గుంటలు గుంటలుగా అరిగితే షాకబ్జార్బరు లేదా బ్యాలెన్సింగ్ చూపించండి.

గాట్ల అడుగున అడ్డంగా చిన్న రబ్బరు కట్టలు ఉంటాయి. గాటు వాటి ఎత్తుకు వచ్చిందంటే లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలింది. చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే కనీస లోతు అది. వానలో ఎక్కువ తిరిగేవాళ్లు అంతదాకా ఆగొద్దు, 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చేయండి. తడి రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు బండి ఆగే దూరంలో తేడా అక్కడి నుంచే బాగా తెలుస్తుంది.

ముందు చక్రాలతో నడిచే కార్లలో ముందు టైర్లే త్వరగా అరుగుతాయి. 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి మార్పిస్తూ ఉంటే నాలుగూ దాదాపు ఒకేసారి మార్పుకు వస్తాయి.

5. బ్రేకులు

హైవే మీద తిరిగే కారుకు ప్యాడ్లు ఎంతకాలమో వస్తాయి. సిటీలో అదే ప్యాడ్లు అందులో సగానికి కూడా రాకపోవచ్చు. కాబట్టి "ప్యాడ్లు ఇన్ని వేల కిలోమీటర్లకు మార్చాలి" అనే అంకెను పట్టించుకోకుండా మందం చూడండి. కొత్త ప్యాడ్ మీద రుద్దే పదార్థం సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చే టైమ్ వచ్చింది. అల్లాయ్ చక్రాల సందులోంచి టార్చి వేసి చూస్తే బయటివైపు ప్యాడ్ కనిపిస్తుంది. లోపలివైపు ప్యాడ్ ముందే అరిగిపోవడం కూడా ఉంటుంది, అందుకే టైర్లు మార్పించేటప్పుడు చక్రం విప్పి ఉండగానే మెకానిక్‌తో రెండూ చూపించుకోండి. చాలా ప్యాడ్లకు చిన్న ఇనుప ముక్క అమర్చి ఉంటుంది. ప్యాడ్ అరిగాక అది డిస్కుకు తగిలి కీచుమంటుంది. ఆ కీచు విన్నాక కూడా నెలలు గడిపితే ఇనుము ఇనుముతో రాసుకుని డిస్కు కూడా పోతుంది.

బ్రేకు తొక్కినప్పుడు పెడల్ కాలికి కొట్టుకుంటున్నట్టు అదిరితే డిస్కు మందం సమంగా లేదు. పెడల్ మెత్తగా లోపలికి పోతుంటే గాలి చేరింది లేదా ఆయిల్ పాతబడింది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకు అదేపనిగా తొక్కితే అంత వేడి వస్తుంది. ఆయిల్ మరిగి ఆవిరి పుడితే పెడల్ నేలకు తగులుతుంది కానీ బండి ఆగదు. అందుకే రెండేళ్లకోసారి మార్చాలి, బండి తక్కువ తిరిగినా సరే. డబ్బాలో లెవెల్ కొంచెం తగ్గితే పోయడానికి తొందరపడొద్దు. ప్యాడ్లు అరిగేకొద్దీ అది తగ్గడం సహజం. ముందు ప్యాడ్లు చూడండి.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో మోటారే చాలావరకు బండిని ఆపుతుంది కాబట్టి ప్యాడ్లు సరిగా వాడకానికి రావు. అక్కడ అరుగుదల కంటే తుప్పు, క్యాలిపర్ పిన్నులు పట్టేయడం ఎక్కువ. ఏడాదికోసారి విప్పి శుభ్రం చేయించి గ్రీజు పెట్టించండి. ఆ కార్లలో టైర్లు మాత్రం బరువు, పికప్ వల్ల త్వరగానే అరుగుతాయి.

6. క్లచ్, గేర్‌బాక్స్

ట్రాఫిక్‌లో క్లచ్ మీద కాలు ఆనించి ఉంచడం, ఎత్తు మీద హ్యాండ్‌బ్రేక్ వేయకుండా సగం క్లచ్‌తో బండిని నిలబెట్టడం, ఈ రెండూ క్లచ్ ప్లేటును తినేస్తాయి. ఇంతకు మించి దానికి చేయాల్సిన జాగ్రత్త పెద్దగా లేదు. పరీక్ష సులువే: ఖాళీ రోడ్డు మీద నాలుగు లేదా ఐదో గేరులో తక్కువ వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కండి. ఇంజిన్ శబ్దం, ఆర్‌పీఎం పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు జారుతోంది.

ఆటోమేటిక్ కార్లవాళ్లు గేర్ ఆయిల్ గురించి తప్పకుండా పట్టించుకోవాలి. "ఇందులో ఆయిల్ జీవితాంతం పనిచేస్తుంది" అని కొన్ని కంపెనీలు చెప్తాయి. ఆ జీవితం ఎవరిదో అవి చెప్పవు. చాలా కార్ల కంపెనీలకు గేర్‌బాక్సులు చేసి ఇచ్చే జర్మన్ సంస్థ జడ్‌ఎఫ్, తన ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ఆయిల్‌ను 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమని సలహా ఇస్తుంది. ఎక్కువ తిరిగే కారుకు ఆ గడువు మూడు నాలుగేళ్లలోనే వచ్చేస్తుంది. సీవీటీ గేర్‌బాక్సు (విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే ఆటోమేటిక్) ఉంటే దానికి నిర్ణయించిన ఆయిల్ మాత్రమే పోయాలి. వేరేది పోస్తే లోపలి బెల్టు జారి గేర్‌బాక్సే పోతుంది. క్లచ్‌తో నడిచే ఆటోమేటిక్ అయితే ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకించకుండా, మీ ముందున్న బండి కొంచెం దూరం జరిగాక ఒకేసారి కదలండి.

7. వేడి, పొగ, బ్యాటరీ

కూలెంట్‌ను చల్లటి ఇంజిన్ మీద, ట్యాంకు పక్కనున్న గీతలు చూసి తెలుసుకోవచ్చు. వేడిగా ఉన్నప్పుడు మూత తిప్పొద్దు. లోపల ప్రెషర్ కింద వంద డిగ్రీలు దాటిన నీరు ఒక్కసారిగా ఎగజిమ్ముతుంది. ఉత్త నీళ్లు పోసి సరిపెట్టొద్దు, కూలెంట్‌లో తుప్పును ఆపే మందులు ఉంటాయి, నీళ్లు కలిపేకొద్దీ అవి పలుచబడతాయి.

డీజిల్ కారుతో సిటీలోనే తిరిగేవాళ్లకు అసలు తలనొప్పి పార్టిక్యులేట్ ఫిల్టరు. అందులో పట్టిన మసిని కాల్చడానికి పొగ వేడి 600 డిగ్రీల దాకా పెరగాలి. బండి తనంతట తాను ఆ పని మొదలుపెడుతుంది. ఐడ్లింగ్ కొంచెం ఎక్కువగా ఉండటం, ఆపగానే ఫ్యాను గట్టిగా తిరగడం, కాలిన వాసన, ఇవి దాని గుర్తులు. మధ్యలో ఇంజిన్ ఆపేస్తే పని సగంలో ఆగిపోతుంది. అలా మళ్లీ మళ్లీ జరిగితే ఆ పని కోసం చల్లిన డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఇందాక లెవెల్ పెరగడం గురించి చెప్పింది దీనికే. ఫిల్టరు దీపం పసుపుగా వెలిగితే ఆ రోజే హైవే ఎక్కి ఇరవై నిమిషాలు ఒకే వేగంతో నడపండి. రోజూ ఐదారు కిలోమీటర్లే తిరిగేవాళ్లు డీజిల్ కొనకపోవడమే మేలు.

టర్బో ఉన్న బండిని వేగంగా నడిపి వచ్చి వెంటనే ఆపేయకండి. ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచితే వేడెక్కిన టర్బోకు ఆయిల్ అంది చల్లబడుతుంది. మామూలుగా నెమ్మదిగా వచ్చి ఆపేటప్పుడు ఇది అక్కర్లేదు.

బ్యాటరీకి రోజూ ఎక్కువ దూరం తిరగడం మంచిదే. చిన్న ప్రయాణాలు, వేడి, ఈ రెండే దాన్ని చంపేవి. రాత్రంతా ఆగాక మల్టీమీటరుతో చూస్తే 12.6 వోల్టులు ఉండాలి. 12.4కు దిగితే చార్జి నాలుగింట మూడొంతులే ఉంది. ఇంజిన్ నడుస్తుండగా చాలా కార్లలో 13.8 నుంచి 14.5 మధ్య చూపిస్తుంది.

ఇంకో అలవాటు: ట్యాంకు అడుగంటే దాకా తిప్పొద్దు. ఇంజిన్‌కు పెట్రోలు పంపే పంపు ట్యాంకులోనే ఉండి ఇంధనంతోనే చల్లబడుతుంది.

ఎయిర్ ఫిల్టరును దుమ్ము రోడ్ల మీద తిరిగేవాళ్లు మాన్యువల్ గడువుకు ముందే మార్చాలి. గాలి కొట్టి మళ్లీ మళ్లీ వాడితే కాగితం పొరలు చిరిగి దుమ్ము నేరుగా సిలిండర్లలోకి పోతుంది.

8. శబ్దాలను గుర్తుపట్టండి

రోజూ అదే బండిలో గంటలు గంటలు కూర్చునే మీకంటే దాని శబ్దం ఎవరికి బాగా తెలుస్తుంది? వారానికి ఒకరోజు పాటలు, ఫోన్ ఆపి, అద్దాలు దించి, గోడ పక్కగా నెమ్మదిగా నడపండి. గోడకు తగిలి శబ్దం వెనక్కి వస్తుంది కాబట్టి చిన్నవి కూడా తెలుస్తాయి.

వేగంతో పాటు పెరిగే గుయ్‌మనే శబ్దం, మలుపులో ఒకవైపు పెరిగి రెండోవైపు తగ్గితే వీల్ బేరింగ్. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలితే టకటక అని వస్తే డ్రైవ్ షాఫ్ట్ జాయింటు. గతుకుల మీద టప్ మంటే లింక్ రాడ్లు, బుష్‌లు. షాకబ్జార్బరు మీద ఆయిల్ తడి కనిపిస్తే దాని పని అయిపోతున్నట్టే. వీటిలో డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూటును మాత్రం సర్వీసుకు వెళ్లినప్పుడల్లా చూడమని అడగండి. అది చిరిగితే గ్రీజు బయటకు, ఇసుక లోపలికి వెళ్తాయి. చిరిగిన వెంటనే బూటు మారిస్తే తక్కువలో పోతుంది, ఆలస్యం చేస్తే జాయింటు మొత్తం మార్చాలి.

9. ఒక నోటు పుస్తకం, పెద్ద గడువుల జాబితా

ఫోన్‌లోనో పుస్తకంలోనో తేదీ, మీటరు, పోయించిన లీటర్లు రాయండి. ప్రతిసారీ ట్యాంకు పూర్తిగా నింపించి, తిరిగిన కిలోమీటర్లను లీటర్లతో భాగిస్తే నిజమైన మైలేజీ తెలుస్తుంది. అదే దారి, అదే బరువు ఉండి రెండు మూడు ట్యాంకులు వరసగా పదోవంతు తక్కువ చూపిస్తే ఏదో జరుగుతోంది. టైరు గాలి, పట్టేసిన బ్రేకు, ఎయిర్ ఫిల్టరు, స్పార్క్ ప్లగ్గులు, ఆ వరసలో చూసుకుంటూ రండి.

ఆ పుస్తకం మొదటి పేజీలో మీ కారుకు మాన్యువల్ చెప్పిన పెద్ద గడువులు రాసిపెట్టండి. అందులో టైమింగ్ బెల్టు (వాల్వులను పిస్టన్లతో సమయం కలిపి నడిపేది) అన్నిటికంటే ముఖ్యం. చైను ఉన్న ఇంజిన్లకు ఇది వర్తించదు. బెల్టు ఉన్న ఇంజిన్లలో కంపెనీనిబట్టి సాధారణంగా 60,000 నుంచి లక్షకు పైగా కిలోమీటర్లకు మార్చాలి. తెగితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు వాల్వులను కొట్టి వంచేస్తాయి. తెగే ముందు ఏ శబ్దమూ చేయదు. నెలకు మూడు వేలు తిరిగేవాళ్లకు ఆ గడువు రెండేళ్లు దాటకుండానే రావచ్చు. బెల్టు మార్చేటప్పుడే దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనరు, బెల్టు తిప్పే వాటర్ పంపు కూడా మార్పించండి. మళ్లీ విప్పే కూలి మిగులుతుంది. ఇరిడియం ప్లగ్గులైతే లక్ష దాకా వస్తాయి, మామూలు నికెల్ ప్లగ్గులు అందులో సగం కూడా రావు.

10. దీపాల రంగు

ఎర్ర దీపం వెలిగితే, ముఖ్యంగా ఆయిల్ ప్రెషర్ లేదా వేడి గుర్తు, సురక్షితంగా పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అని నడపొద్దు. ఇంజిన్ పట్టేయడానికి ఆ రెండు కిలోమీటర్లు చాలు. పసుపు రంగు చెక్ ఇంజిన్ దీపం నిలకడగా వెలిగితే ఆ వారంలో స్కాన్ చేయించండి. అదే దీపం మిణుకు మిణుకుమంటే ఏదో సిలిండరు సరిగా మండటం లేదు, మండని పెట్రోలు పొగ గొట్టంలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తోంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి నెమ్మదిగా పక్కకు ఆపండి. అక్కడి నుంచి బండిని లాగించుకునే తీసుకెళ్లండి.